డెబ్బైని మీరేమంటారు?

"ఆయన్ని నేనే చంపాను మేడమ్. అంతే, రాసుకోండి."

కొరాలీ ఆ మాట అనడం అది మూడోసారి. నేనింకా పెన్ను మూత కూడా తీయలేదు.

మధ్యాహ్నం ఒంటిగంటా పది. బొర్లోన్ విమానాశ్రయంలో సరుకుల షెడ్డు, కాటాకి ఎగువన మేడమీద అద్దాల గది. బొర్లోన్‌లో మనుషులు పెద్దగా ఎక్కరు, దిగరు. గుర్రాలు, గులాబీలు, మందులు ఎక్కుతాయి, దిగుతాయి. వాటి తూకం కాగితాలు పదేళ్ళుగా రాస్తున్న గుమస్తా ఈ కొరాలీ లొనే. ఆ పొద్దున ఏడూ ఇరవైకి కింద కోల్డ్ రూమ్‌లో శవమై దొరికినవాడు గిస్లెన్ పీరార్, ముప్ఫై ఒక్కేళ్ళుగా ఇక్కడ కాటా మనిషి.

"ఎలా చంపావో చెప్పు. గొంతు నులిమావా?"

ఏడుస్తున్న మనిషిని అలా అడగకూడదు. కానీ మంచి మాటలతో అరగంట గడిచిపోయింది, నాకున్నది మూడు గంటలు.

కొరాలీ ముక్కు తుడుచుకుంది. "టీకా మందుల పెట్టెలు పేర్చిన పాలెట్ల మధ్య డ్రై ఐస్ పెడతారు మేడమ్. అది కరిగి నీళ్ళవ్వదు, గాలవుతుంది. విషం లాంటి గాలి. అందుకే ఐస్ ఎంతుందో తూచి, కోల్డ్ రూమ్ ఫ్యానుని నేను ఇక్కణ్ణించి పెడతాను. నాలుగు వందల కిలోల లోపైతే సగం, దాటితే నిండుగా. పొద్దున గిస్లెన్ గారు కింద కాటా దగ్గరనుంచి వాకీటాకీలో బరువు చెప్పారు. మూడు వందల డెబ్బై నాలుగని రాశాను. ఫ్యాను సగానికి పెట్టాను."

"అసలు ఎంతుంది?"

"ఏడు వందల డెబ్బై నాలుగు." ఆమె అరచేతులతో మొహం రుద్దుకుంది. "ఆయన ఏడంటే నాకు మూడని వినిపించింది. ఆయన ఆ గదిలోకి వెళ్ళారు. ఫ్యాను సగమే తిరుగుతోంది. ఇంకేం కావాలి మీకు?"

"ఎన్నింటికి చెప్పాడు?"

"ఆరూ నలభై. కాగితం మీద ముద్ర ఉంది."

"ఏడో మూడో అనుమానం రాలేదా?"

కొరాలీ తల దించుకుంది. "వచ్చింది. మళ్ళీ చెప్పండి అన్నాను. మళ్ళీ మూడే అన్నారు, అదే... నాకలా వినిపించింది. ఈ సంగతి ఇంకెవరికీ చెప్పలేదు మేడమ్. ఒకసారి తప్పు వింటే పొరపాటంటారు. రెండుసార్లు వింటే ఏమంటారు? నా వాకీటాకీలో మాట్లాడేది కాటా దగ్గరున్న ఒక్క సెట్టే. వేరే వాళ్ళు వినలేదు కూడా."

ఆమె బల్ల మీద కాగితం పొట్లంలో పరమాన్నం నింపి కాల్చిన బియ్యం టార్టు ముక్క ఉంది. మంగళవారం మంగళవారం గిస్లెన్ పెళ్ళాం చేసి పంపేదట, ఒక ముక్క కొరాలీకి. ఆరింటికి బల్ల మీద పెట్టి, "తినేసెయ్, మళ్ళీ అర్మాన్ చూశాడంటే మిగల్చడు" అని కిందికి వెళ్ళాడట. అది అలాగే ఉంది. కొరాలీ దానివంక చూడకుండా ఉండడానికి నానా తంటాలూ పడుతోంది.

బల్లకి ఇంకో కొసన టైపు చేసిన వాంగ్మూలం ఒకటుంది. 'నా అజాగ్రత్త వలన' అని మొదలవుతుంది. సంతకం చేస్తే కొరాలీ జైలుకి, కేసు బీరువాలోకి. నాలుగింటికి విమానం ఎగురుతుంది, ఆ పాలెట్ కూడా దానితోపాటే వెళ్ళిపోతుంది. ప్రాసిక్యూటర్ మూడున్నరకి ఫోన్ చేస్తానన్నాడు. ఆ వాంగ్మూలం టైపు చేసిన మహానుభావుడి సంగతి తరవాత చెబుతాను.

ముందు నా సంగతి చెప్పాలి. ఆ గదిలో నేరం ఒప్పుకోవలసినవాళ్ళం ఇద్దరం ఉన్నాం. ఒప్పుకున్నది ఆమె ఒక్కతే.

పదకొండు రోజుల కిందట గిస్లెన్ నా దగ్గరికి వచ్చాడు. శుక్రవారం సాయంత్రం, నేను కోటు వేసుకుని పోలీసు స్టేషన్ మెట్లు దిగుతున్నాను. చేతిలో టోపీ నలుపుతూ ఒక పెద్దాయన అడ్డం వచ్చాడు. "మేడమ్, నా పేరు మీద ఎవరో తూకాలు చెబుతున్నారు" అన్నాడు. అది కస్టమ్స్ వాళ్ళకి చెప్పుకోమన్నాను. "చెప్పాను, నవ్వారు. మేడమ్, ఒక్కటడుగుతాను, డెబ్బైని మీరేమంటారు?" అన్నాడు. నేను అతన్ని ఎగాదిగా చూసి, "పొడుపు కథలకి నాకు తీరిక లేదండీ" అని కారెక్కేశాను. అద్దంలో చూస్తే ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు, టోపీ నలుపుతూ.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆ పొద్దున శవం మొహం మీది గుడ్డ తీసినప్పుడు తెలిసింది నాకు.

"సంతకం చెయ్యకు" అన్నాను కొరాలీతో. "నేను మళ్ళీ వచ్చేదాకా పెన్ను ముట్టుకోకు."

"ఎందుకు మేడమ్? చేసినదానికి..."

"చెయ్యకన్నానా!"

కిందికి దిగాను.

కోల్డ్ రూమ్ తలుపు దగ్గర అర్మాన్ ఎదురొచ్చాడు. లోడింగ్ మేస్త్రీ, గిస్లెన్‌తో పాతికేళ్ళ స్నేహం, నోటికి ఫిల్టరు లేదు.

"ఏం మేడమ్, ఇప్పటికి తీరిందా మీకు?" అన్నాడు. "ఆవేళ మీ దగ్గరికి వెళ్ళొచ్చాడు. ఏమందిరా అంటే, పొడుపు కథలొద్దందిరా అన్నాడు. నవ్వాడు కూడా పిచ్చి వెధవ."

"లోపల చూపించు" అన్నాను.

ఫ్యాను ఇప్పుడు నిండుగా తిరుగుతోంది. లోపల అయిదు పాలెట్లు, నాలుగు రాత్రినుంచీ ఉన్నవి, ఒకటి పొద్దున వచ్చింది. గిస్లెన్ దొరికింది తలుపుకి రెండడుగుల దూరంలో, బోర్లా. చేతులు తలుపువైపు చాచి. తలుపుకి లోపల పెద్ద ఎర్ర గుండీ ఉంది, నొక్కి తోస్తే బయటికి తెరుచుకుంటుంది. నేను లోపల నిలబడి నొక్కి తోశాను. నెయ్యిలా తెరుచుకుంది.

"ఇంత తేలిగ్గా వచ్చే తలుపు ఆయన తీసుకోలేకపోయాడా?"

"ఆ గాలికి కళ్ళు తిరుగుతాయంటారు" అన్నాడు అర్మాన్, తనకే నమ్మకం లేనట్టు.

బయట మోకాళ్ళ మీద కూర్చున్నాను. తలుపుకి జానెడు దూరంలో సిమెంటు నేల మీద రెండు నల్లటి గీతలు, వేలెడు పొడుగు, రబ్బరు చక్రాలవి. దొర్లితే గీత పడదు. బ్రేకు వేసి ఉన్న చక్రాన్ని లోపల్నుంచి ఎవరో తోస్తే పడుతుంది. మళ్ళీ తోస్తే, మళ్ళీ మళ్ళీ తోస్తే, అంత నల్లగా పడుతుంది.

అర్మాన్ కూడా చూశాడు. "ట్రాలీ" అన్నాడు మెల్లగా. "తలుపుకి అడ్డంగా ట్రాలీ పెట్టారు."

"నువ్వొచ్చేసరికి ఉందా?"

"లేదు. ఏడూ ఇరవైకి కేకలు వినబడి పరిగెత్తుకొచ్చాను. తలుపు బార్లా తీసి ఉంది. ముందే ఆయనున్నాడు ఇక్కడ."

"ఎవరు?"

"ఇంకెవరు, లిల్ దొరగారు! షాస్లూ! శవాన్ని మొదట చూసింది ఆయనేగా."

తిబో షాస్లూ. వాంగ్మూలం టైపు చేసిన మహానుభావుడు. ఆ టీకా పాలెట్లని పంపే రవాణా కంపెనీకి భద్రతా అధికారి, ఫ్రాన్సులోని లిల్ నుంచి వారానికి రెండుసార్లు కారులో వస్తాడు. పూర్వాశ్రమంలో అక్కడి పోలీసు. ఆ సంగతి అయిదు నిమిషాలకొకసారి గుర్తు చేస్తాడు.

గేటు పుస్తకం తెప్పించాను. షాస్లూ కారు లోపలికి వచ్చింది ఏడుంబావుకి, సంతకంతో సహా. పాలెట్ తెచ్చిన లిల్ లారీ ఆరూ పదికి లోపలికి, ఆరూ యాభైకి బయటికి. డాక్టరు చెప్పిన చావు వేళ ఆరుంబావు, ఏడుంబావుల మధ్య. ఆరూ నలభైకి గిస్లెన్ కాటా దగ్గర నిలబడి బరువు చెబుతున్నాడు కాబట్టి, చచ్చింది ఆ తరవాత. అప్పటికి షాస్లూ బొర్లోన్‌లోనే లేడు. ఎటు తిప్పినా కాగితం అతని పక్షాన్నే ఉంది.

"ఈ పాలెట్లలో ఐస్ తక్కువ చేసి చూపిస్తే ఎవరికి లాభం?" అని అడిగాను.

అర్మాన్ నావైపు జాలిగా చూశాడు. "ఒక్కో విమానానికి ఇంతే ఐస్ అని లెక్కుంది మేడమ్, పైలట్లు పీల్చేదీ ఆ గాలే గదా. సగం చూపిస్తే రెండు పాలెట్లు పోయే చోట నాలుగు పోతాయి. ఎవరికి లాభమో చంటిపిల్లాడు చెబుతాడు."

గత నెల రోజుల తూకం కాగితాలు చంకన పెట్టుకుని మెట్లెక్కుతుంటే మధ్యలోనే ఎదురయ్యాడు షాస్లూ. చేతిలో కాఫీ, మెడలో పట్టు రుమాలు.

"ఇంకా సంతకం చేయించలేదా ఇన్‌స్పెక్టర్ గారూ? మా రోజుల్లో అయితే పదినిమిషాల పని."

"మీ రోజులు మీ ఊళ్ళో మిస్యూ షాస్లూ. ఇది బెల్జియం."

"తప్పు ఎక్కడైనా తప్పే. ఆ పిల్ల తనే ఒప్పుకుంటోంటే మీకెందుకు అడ్డం? ఒకసారి కాదు, రెండుసార్లు అడిగి మరీ మూడు వందలని రాసింది. చెవులున్నాయా దానికి?" కాఫీ ఒక గుక్క తాగాడు. "పోనీ, మీ కష్టం నాకు అర్థమవుతోంది. చచ్చినవాడు ముందే మీ దగ్గరికి వచ్చాడట గదా? అదెక్కడ బయటపడుతుందోనని... ఫరవాలేదు. నేనెవరికీ చెప్పను."

పుండు మీద కారం చల్లడంలో అతనికి అందెవేసిన చెయ్యి. నిజం చెప్పొద్దూ, ఆ క్షణాన నాకు భయం వేసింది. సంతకం చేయించేస్తే నా పేరు బయటికి రాదు. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఆ దారి చాలా నున్నగా కనిపించింది. దానికి కూడా గిస్లెన్‌కి నేను క్షమాపణ బాకీ ఉన్నాను.

"చెప్పండి" అన్నాను. "పేపర్లో కూడా వేయించండి." పక్కకి తప్పుకుని పైకి వెళ్ళాను.

కాగితాలు కొరాలీ బల్ల మీద పరిచాను. ఆమె రాత ముత్యాల్లా ఉంటుంది. కొట్టివేత అనేది లేదు, ఒక్కటి తప్ప. ఈ పొద్దుటి కాగితంలో 374లో మధ్య అంకె మొదట 6 రాసి, దాన్నే 7గా దిద్దింది. కింద మొత్తం బరువు 1893. అక్కడా అంతే, మొదట 8, దాని మీద 9.

"ఇదేమిటి?"

"ఏమో మేడమ్. చెయ్యి తొందరపడి ఉంటుంది."

పాత కాగితాలు తిరగేశాను. నెలలో ఇరవై రోజుల అంకెలు కడిగిన ముత్యాలే. నాలుగు రోజులవి మాత్రం దిద్దినవి. ఎక్కడ డెబ్బై ఉంటే అక్కడ ఆరు మీద ఏడు, ఎక్కడ తొంభై ఉంటే అక్కడ ఎనిమిది మీద తొమ్మిది. ఒకట్లూ రెళ్ళూ అయిదులూ మాత్రం ఎక్కడా దిద్దలేదు. ఆ నాలుగు రోజులూ పొద్దున్నే లిల్ లారీ వచ్చిన రోజులు.

చెయ్యి తొందరపడితే ఎప్పుడూ ఒకే చోట ఎందుకు పడుతుంది?

తలుపు బయట మెట్ల మీద షాస్లూ ఫోనులో మాట్లాడుతున్నాడు, లిల్‌లో ఎవరితోనో. "ఆ, నాలుగింటికి ఎగిరిపోతుంది... పెట్టెలా? నాలుగిరవైల పన్నెండు. కాదు కాదు, నాలుగిరవైల పన్నెండు."

తొంభై రెండు పెట్టెలు.

కాగితాలు మళ్ళీ ముందుకి లాక్కున్నాను.

మా బెల్జియంలో డెబ్బైకి ఒక మాటుంది, తొంభైకి ఒక మాటుంది. మేం మాట్లాడేదీ ఫ్రెంచే, వాళ్ళు మాట్లాడేదీ ఫ్రెంచే, కానీ సరిహద్దు దాటితే ఆ రెండు మాటలూ ఉండవు. మేం డెబ్బై నాలుగు అనేదాన్ని వాళ్ళు 'అరవై పద్నాలుగు' అంటారు. మా తొంభై మూడు వాళ్ళకి 'నాలుగిరవైల పదమూడు', అంటే ఎనభై మీద పదమూడు. టీవీలో రోజూ వింటాం కాబట్టి మాకది వింతగా తోచదు, విన్నామని కూడా గుర్తుండదు. కానీ వింటూ రాసే చేతికి తెలుస్తుంది. 'అరవై' అని చెవిన పడగానే చెయ్యి 6 వేసేస్తుంది. వెనకే 'పద్నాలుగు' వస్తుంది, అప్పుడు దిద్దుకుంటుంది.

గిస్లెన్ పీరార్ ఈ ఊళ్ళో పుట్టి ఈ ఊళ్ళో చచ్చాడు. జన్మలో ఒక్కసారి కూడా డెబ్బైని అరవై పది అని ఉండడు.

నా పేరు మీద ఎవరో తూకాలు చెబుతున్నారు. డెబ్బైని మీరేమంటారు? అది పొడుపు కథ కాదు. ఒక మనిషి ఈ దిద్దుబాట్లే చూసి దొంగని మాటలో పట్టుకుని, చేతిలో పెట్టి నాకివ్వబోయాడు. నేను కారెక్కేశాను. ఎవరూ వినలేదు కాబట్టే తనే సాక్ష్యం పట్టుకుందామని ఒంటరిగా ఆ గదిలోకి వెళ్ళాడు.

మూడూ పన్నెండు. ఏడవడానికి కూడా టైము లేదు.

బయటికి వచ్చి మొహాన వీలైనంత అలసట పూసుకున్నాను. "మిస్యూ షాస్లూ, మీరే గెలిచారు. సంతకం చేయిస్తాను. ఒక్క చిక్కుంది. వాకీటాకీలో మూడుకీ ఏడుకీ తేడా తెలుసో తెలీదో ప్రాసిక్యూటర్ అడుగుతాడు. కింద కాటా దగ్గరనుంచి ఎవరైనా అసలు బరువూ, ఆవిడ రాసిన బరువూ రెండూ చదివితే, ఆ పిల్ల ఏం రాస్తుందో చూద్దాం. తప్పు రాసిందా, నా పని కూడా సులువు."

"మేస్త్రీ చేత చదివించండి."

"అతను ఆవిడకి చుట్టం లాంటివాడు. సైగలేవో చేస్తాడని రేపు లాయరు అంటాడు. మీరు మాజీ పోలీసు. మీ మాటకో విలువుంది."

ఒక్క క్షణం సందేహించాడు. కళ్ళు చికిలించి నన్ను చూశాడు. కాదంటే ఎందుకు కాదన్నాడని నేనడుగుతాను. పొగడ్త ఒకవైపు, గడియారం ఒకవైపు. "పదండి" అన్నాడు.

అర్మాన్‌కి చెవిలో ఒక మాట చెప్పి షాస్లూ పక్కన నిలబెట్టాను. నేను పైకి వచ్చి, కొరాలీని ఆమె రోజూ కూర్చునేట్టే అద్దానికి వీపు పెట్టి కూర్చోబెట్టి, తెల్లకాగితం ఇచ్చాను. "ఎవరు చదువుతున్నారో చూడొద్దు. పొద్దుట్లాగే విను, పొద్దుట్లాగే రాయి."

"నా వల్ల కాదు మేడమ్."

"గిస్లెన్ కోసం."

ఆమె పెన్ను తీసుకుంది.

వాకీటాకీ గరగరలాడింది. అద్దంలోంచి కిందికి చూస్తున్నాను. షాస్లూ నోటికి పట్టు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు, దగ్గు వచ్చినట్టు. గొంతు బరువు చేశాడు, ముసలివాడిలా సాగదీశాడు. పాపం, గొంతు మార్చుకున్నాడు గాని అంకెలు మార్చుకోవాలని తోచలేదు. మనం ఎలా లెక్కపెడతామో మనకి వినపడదు.

"మొదటిది... ఏడు వందల... అరవై పద్నాలుగు."

కొరాలీ చెయ్యి కదిలింది. 7. పక్కన 6. ఆగింది. 6 మీద 7. ఆ పక్కన 4.

"రెండోది... మూడు వందల... అరవై పద్నాలుగు."

3. 6. దాని మీద 7. ఆ పక్కన 4.

ఏడు ఏడుగానే విన్నది, మూడు మూడుగానే విన్నది. ఆ చెవులకి ఏ రోగమూ లేదు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాను. పొద్దుటి దిద్దుబాటు, ఇప్పటి దిద్దుబాటు. అచ్చుగుద్దినట్టున్నాయి.

కొరాలీ రెండు అంకెల మీదా వేలు పెట్టి చూసింది. "మేడమ్" అంది. "గిస్లెన్ గారు అరవై పద్నాలుగు అనరు."

"అనడు."

"మరి పొద్దున ఆరూ నలభైకి నాతో మాట్లాడింది..."

"అప్పటికి గిస్లెన్ తలుపు లోపలున్నాడు. లారీలో ఇద్దరొచ్చారు, రెండోవాణ్ణి గేటు దగ్గర ఎవరూ లెక్కపెట్టరు. అదే లారీలో బయటికి పోయి, ఏడుంబావుకి కారులో దర్జాగా వచ్చి, ట్రాలీ పక్కకి లాగి, కేకలు వేశాడు. నువ్వు రెండుసార్లు అడిగావని నాకొక్కదానికే చెప్పావు. మెట్ల మీద ఆ మాట అతను నాకు అప్పజెప్పాడు. ఎలా తెలుసు? రెండోసారి జవాబు చెప్పింది తనే కాబట్టి."

కింద షాస్లూ వాకీటాకీ కొక్కేనికి తగిలించి తల పైకెత్తాడు. అద్దంలో నా మొహం చూశాడు. ఇరవై రెండేళ్ళు పోలీసుగా చేసి మొహాలు చదవడం వచ్చినవాడు. చిన్నగా ఒక అడుగు వెనక్కి వేశాడు, తరవాత రెండోది. మూడోదానికి అర్మాన్ ట్రాలీ ఒకటి అతని వెనక్కి తోసి, కాలితో బ్రేకు వేశాడు.

"ఎక్కడికి దొరగారూ?" అన్న మాట పైకి వినిపించింది. "తోసి చూడండి. మావాడు తోసినట్టే."

ఫోను మోగింది. సరిగ్గా మూడున్నర, ప్రాసిక్యూటర్. విమానం ఆపమన్నాను, పాలెట్ దింపమన్నాను. హంతకుడు ఎవరో చెప్పాను. ఆయన ఉప్పొంగిపోయి, ఎలా పట్టుకున్నారు మీరసలు అన్నాడు.

"నేను పట్టుకోలేదండీ. గిస్లెన్ పీరార్ పట్టుకుని పదకొండు రోజులైంది. నాకు చెప్పడానికి స్టేషన్‌కి వచ్చాడు. నేను వినలేదు. అది కూడా రాసుకోండి, మొదటి పేజీలో."

ఫోను పెట్టేశాను.

కొరాలీ వాంగ్మూలాన్ని నిలువునా చించింది. తరవాత పొట్లం విప్పింది. టార్టు ముక్కని రెండుగా తుంచి ఒకటి నావైపు జరిపింది. "మీరు కూడా తినండి మేడమ్. ఆయనకి మిగిల్తే నచ్చదు."

తినే అర్హత నాకు లేదని చెప్పబోయాను. ముక్క చేతిలోకి తీసుకున్నాను. కాటా దగ్గరి గోడకి గిస్లెన్ టోపీ ఇంకా అలాగే వేలాడుతోంది, అంచు నలిగిపోయి.

డెబ్బై అంటానయ్యా, గిస్లెన్. నేనూ డెబ్బై అనే అంటాను.